చివరిసారి బాగున్న సమయం

ఆవేళ ఎన్నింటక్క ఒక మనిషిని నలభై నిమిషాల పాటు ప్రశ్నలడిగి, పక్షవాతం వచ్చిన మూడు నెలలకి అతని పరిస్థితి ఎలా ఉందో తేల్చి, మూడు మార్కులు వేసింది. అతనికి పక్షవాతం రాలేదు. పక్కింటి నుంచి పేపరు అడిగి తీసుకెళ్దామని వచ్చి సోఫాలో కూర్చుని ఉన్నాడు.

తప్పంతా ఆవిడదే అనడానికి లేదు. తలుపు తీసే ఉంది. ఫైల్లో అరవై రెండేళ్ల మగమనిషి అని ఉంది. సోఫాలోనూ అరవై రెండేళ్ల మగమనిషే ఉన్నాడు. కూర్చోమన్నాడు, అడిగినదానికల్లా కల్లాకపటం లేకుండా జవాబు చెప్పాడు.

"టీ మీరే పెట్టుకోగలరా?"

"అబ్బే."

"బట్టలు మీరే తీసి వేసుకోగలరా?"

"వేసుకోగలను. మా ఆవిడ తీసి పెట్టాలి."

"బజారుకెళ్లి సామాను తేగలరా?"

"తేగలను గానీ, తెచ్చినవన్నీ వెనక్కిచ్చి రమ్మంటుంది."

"బ్యాంకు పనులు, కరెంటు బిల్లు?"

"అవన్నీ నాకేం తెలుసమ్మా?"

"నడక?"

"దివ్యంగా! రోజూ నాలుగు కిలోమీటర్లు."

నడవగలడు, రోజువారీ పనులకి మాత్రం ఇంకొకరి సాయం కావాలి. ఆవిడ పుస్తకంలో దానికి మూడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి, "ఇంతకీ ఇదంతా దేనికమ్మా?" అని అడిగాడు. అప్పుడు లోపలి గదిలోంచి అసలు రోగి గోడ పట్టుకుని నడిచొచ్చి, సంగతి విని, ముగ్గురికీ టీ పెట్టాడు. ఆయనకి వచ్చిన మార్కు ఒకటి.

మర్నాడు పక్కింటాయన భార్య వెతుక్కుంటూ ఆఫీసుకి వచ్చింది. "మా ఆయనకి మీరు నింపిన కాగితం జిరాక్స్ ఇస్తారా అండీ? హాల్లో అంటిస్తాను" అంది.

ఆ ఆఫీసు ఒక పెద్ద ఆసుపత్రి మూడో అంతస్తులో రెండు గదులు. ఒక గదిలో ఫైళ్లు, రెండో గదిలో ఫైళ్లు పట్టక మిగిలినవీ, నలుగురు మనుషులూ. పక్షవాతం ఎవరికొస్తుంది, ఎందుకొస్తుంది, రాకుండా ఏం చెయ్యాలి, వస్తే ఏ మందుకి ఎంతమంది లేచారు, ఇంటికి ఎంత ఖర్చయింది అనేవి అక్కడ ఏళ్ల తరబడి లెక్క కడుతున్నారు. ఎన్నింటక్క అక్కడ పంతొమ్మిదేళ్లుగా ఇళ్లకి తిరిగే పని చేస్తోంది. భుజాన సంచి, సంచిలో బీపీ మిషను, ఫారాలు, రెండు రంగుల పెన్నులు. ఫారంలో రాసేది నీలం. రాసినది అబద్ధమని తేలితే దాని మీద కొట్టేది ఎరుపు.

మార్కులు సున్నా నుంచి ఆరు దాకా. సున్నా అంటే జబ్బు వచ్చిన ఆనవాలే లేదు. ఐదంటే మంచం. ఆరంటే ఫైలు మూసెయ్యడం. ఇది తెలియక, "ఒకటేనా? పాపం ఎంతో కష్టపడుతున్నాడండీ, ఇంకో రెండు వెయ్యండి" అని బతిమాలిన తల్లులున్నారు.

ఆవిడకా పేరు రావడానికి కారణం మొదటి ప్రశ్న. ఏ గుమ్మం ఎక్కినా, నీళ్లిచ్చినా ఇవ్వకపోయినా, ముందు అడిగేది ఒకటే: "మనిషి బాగుండగా చివరిసారి చూసింది ఎన్నింటికి?" ఫారంలో దానికి పెద్ద గడి ఉంది, చివరిసారి బాగున్న సమయం. అక్కడి నుంచి నాలుగున్నర గంటల లోపు అయితే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. దాటితే ఇవ్వరు, మెదడులో రక్తం చిమ్మొచ్చు. ఆ సంగతి అంబులెన్సులోనే జనానికి తెలిసిపోతుంది. దాంతో ఆసుపత్రి గుమ్మంలో అందరి మనుషులూ గంట క్రితం దాకా నవ్వుతూ తుళ్లుతూ ఉన్నవాళ్లే.

ఆ అబద్ధాలు పట్టుకోవడంలో ఎన్నింటక్కని మించినవాళ్లు లేరు. ఒక కోడలు, మామగారు తొమ్మిదింటికి తన చేతి పలహారం తిన్నారని చెప్పింది. ఎన్నింటక్క వంటింట్లోకి వెళ్లి, గ్యాసు చీటీ చూసి, ఆ పూట సిలిండరు పది దాకా రాలేదని తేల్చింది. కోడలు బావురుమంది.

"ఏడవండి, ఏం పర్లేదు" అంది ఎన్నింటక్క, ఎర్ర పెన్ను మూత తీస్తూ. "ఎన్నింటికో చెప్పి ఏడవండి."

కఠినురాలని పేరు పడింది. పడనీ. ఇంటివాళ్లు సమయం మార్చి చెప్పినందువల్ల ఇంజెక్షన్ వికటించి పోయినవాళ్ల ఫైళ్లు తొమ్మిది, ఆవిడే తన చేత్తో ఆరు వేసి మూసింది. ఆ తొమ్మిది ఇళ్లలోనూ ప్రేమకి లోటు లేదు.

ఇక ఆవిడ ఇంటి సంగతి. భర్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పనివాడు. ఆయన కూర్చోబెట్టిన అద్దం వెంట్రుకవాసి కదలదని షాపంతా చెప్పుకునేది. షాపు పదకొండింటికి కాబట్టి పొద్దున్నంతా ఇంట్లోనే. భర్త అక్కగారు, అంటే ఎన్నింటక్కకి వదిన, అదే ఇంటి వెనక వాటాలో ఉండేది. పిల్లలు లేరు. ఉన్న ముగ్గురే ఒకళ్లనొకళ్లు సతాయించుకునేవారు.

ఆవిడ ఉద్యోగంలో ఇంకో పని ఉపన్యాసాలు. అపార్టుమెంట్లలో, ఫ్యాక్టరీల్లో జనాన్ని పోగేసి, పక్షవాతం వస్తే ఎలా గుర్తుపట్టాలో చేసి చూపించేది. నోరు ఒక పక్కకి లాగి, ఒక చెయ్యి ఎత్తి జార్చి, నాలుక మడతపడ్డట్టు మాట్లాడేది. చాలా బాగా చేసేది. ఒకసారి భర్త వెనక వరుసలో కూర్చుని చూశాడు. అదే పొరపాటైంది.

ఆ రోజు నుంచి అది ఆయన ఆస్తి. బీరువా సర్దమంటే చెయ్యి జార్చేవాడు. ఆలస్యమైందేమంటే నాలుక మడతపెట్టేవాడు. జీతం పెరగలేదని ఆవిడ బాధపడుతుంటే నోరు వంకర పెట్టి చూసేవాడు.

"ఏమండీ, దాంతో ఆటలొద్దు."

"ఏ...ఏ...ఎన్నింటికి... వ...వచ్చిందే?"

మొదట్లో ఆవిడా నవ్వింది. పదిహేనేళ్లు అదే హాస్యమైతే ఎవరికీ నవ్వు రాదు. ఆయనకి మాత్రం విసుగు రాలేదు. పైగా నోటి వంకరలో చెయ్యి తిరిగిపోయింది.

ఆయనకి బీపీ ఉంది. ఊళ్లోవాళ్ల బీపీలన్నీ చూసే మనిషి ఇంట్లో దాన్ని వదులుతుందా? ఏడు గదుల మాత్రల డబ్బా కొంది. రోజూ సాయంత్రం, "వేసుకున్నారా?" అంటే, "వేసుకున్నా" అంటూ ఖాళీ గది మూత తెరిచి చూపించేవాడు. ఒకరోజు పాత కళ్లజోడు డబ్బా ఒకటి గలగలమంది. విప్పితే మాత్రలు. ఎనభై ఎనిమిది.

అది మొగుడూ పెళ్లాల మధ్య తేల్చుకునే విషయం. ఆవిడ అలా తేల్చుకోలేదు. భోజనాల దగ్గర వదినగారి ముందు డబ్బా బోర్లించింది.

"చూడండి వదినా, మీ తమ్ముడి చూపు ఎంత బాగుందో. మాత్ర కనపడితే డబ్బాలో దాస్తారు."

"కడుపులో మంటగా ఉంటుందేమోనమ్మా..." అని వదినగారు నసిగింది.

"ఎప్పటినుంచి? ఎన్నింటికి మొదలవుతుంది మంట? తిన్నాకా, తినకముందా?"

ఆయన కంచం పక్కకి జరిపి లేచాడు. "ఈ ఇంట్లో మొగుడు లేడక్కా. కేసు ఉంది" అని గదిలోకి వెళ్లిపోయాడు.

ఆయన జీవితంలో తడబడకుండా అన్న ఆఖరి మాట అదే. అప్పటికి ఎవరికీ తెలియదు.

మౌనం మొదలైంది. ఇద్దరికీ అలవాటైన ఆటే, పాత రికార్డు ఇరవై మూడు రోజులు. దానికి పద్ధతులున్నాయి. ఆయన హాల్లో మంచం వేసుకుంటాడు. ఏం కావాలన్నా చేతి సైగ. ఆవిడ చెప్పాల్సింది గోడకి చెబుతుంది. "గోడా, ఇవాళ ప్లంబరు వస్తాడు" అంటే ఆయన వినాలి. టీ తాగకుండా వదిలేస్తే ఇంకా కోపంగా ఉన్నట్టు.

పన్నెండో రోజు పొద్దున్న ఎనిమిదీ ఇరవైకి ఎన్నింటక్క సంచి భుజాన వేసుకుని, టీ కప్పు తెచ్చి స్టూలు మీద పెట్టింది. ఆయన కుర్చీలో ఉన్నాడు. ఒళ్లో పేపరు. తలెత్తి ఆవిడని చూశాడు. నోరు ఎడమ పక్కకి లాగి ఉంది.

"ఓహో, మొదలెట్టారా?" అనుకుంది.

కుడి చెయ్యి కుర్చీ పక్కకి జారి వేలాడుతోంది. ఎడమ చెయ్యి ఎత్తి రెండుసార్లు ఊపాడు. టీ తీసుకుపొమ్మని కాబోలు అనుకుంది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మూడూ చేశాడు, ఆవిడ ఉపన్యాసంలో చూపించే వరసలోనే. ఎంత బాగా చేశాడంటే ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"గోడా!" అంది. "ఇలాంటి వేషాలకి పళ్లికిలించేవాళ్లు ఈ ఇంట్లో లేరు. తాగితే తాగుతారు, లేకపోతే లేదు."

తలుపు వేసుకుని వెళ్లిపోయింది. ఆ పూట ఒక ఫ్యాక్టరీలో ఉపన్యాసం. నోరు లాగి, చెయ్యి జార్చి చూపించింది. జనం చప్పట్లు కొట్టారు.

పదకొండుంబావుకి వదినగారు పంచదార కోసం వచ్చి చూసింది. టీ మీద మీగడ కట్టి ఉంది. ఆయన కుర్చీలోంచి సగం జారి ఉన్నాడు. ఎన్నింటక్క ఆఫీసుకి చేరి సంచి దించేలోపే ఫోను వచ్చింది. మూడంతస్తులూ మెట్ల మీదే దిగి, అంబులెన్సు కంటే ముందు కింద నిలబడింది.

పన్నెండూ పన్నెండుకి డ్యూటీ డాక్టరమ్మ స్కాను చూసి పరుగున వచ్చింది. "రక్తస్రావం లేదు మేడమ్, గడ్డే. ఇంజెక్షన్ రెడీగా ఉంది. మీకు నేను చెప్పేదేముంది? చివరిసారి బాగుండగా చూసింది ఎన్నింటికి?"

పంతొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఎన్నింటక్కని ఎవరూ అడగలేదు.

"ఇదే కదమ్మా పొద్దున్న టీ ఇచ్చి వెళ్లింది!" అని వదినగారు అందుకుంది. "చెప్పమ్మా, బాగానే ఉన్నాడు కదా. చెప్పు!"

లెక్క ఎన్నింటక్కకి నోటికొచ్చు. ఎనిమిదీ ఇరవైకి బాగున్నాడంటే పన్నెండూ యాభై దాకా టైముంది. ఇంకా ముప్ఫై ఎనిమిది నిమిషాలు. నర్సు ట్రే పట్టుకుని నిలబడింది. మంచం మీది మనిషి ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని ఆవిడనే చూస్తున్నాడు. మాట రాదు గానీ అన్నీ వినపడుతున్నాయి.

"ఎనిమిదీ ఇరవైకి చూశాను" అంది.

డాక్టరమ్మ రాసుకుంది. నర్సు ఒక అడుగు ముందుకేసింది. వదినగారు దణ్ణం పెట్టుకుంది. ఆవిడ అక్కడితో ఆగి ఉంటే చాలు. అబద్ధం కూడా కాదు, చూసిన మాట నిజమే. కానీ ఎదుటివాళ్లు అలా ఆగినప్పుడల్లా తానే అడిగే రెండో ప్రశ్న ఒకటుంది, చూసినప్పుడు బాగున్నాడా అని. డాక్టరమ్మ అడగలేదు. దానికి ఆవిడే జవాబు చెప్పింది.

"అప్పటికే నోరు వంకరగా ఉంది."

పెన్ను ఆగింది. "అప్పటికే? మీరు... చూశారా మేడమ్?"

"చెయ్యి కూడా జారింది. వెక్కిరిస్తున్నారనుకున్నాను."

నర్సుకి నవ్వొచ్చింది. దగ్గుగా మార్చుకుంది.

"దానికి ముందు ఎప్పుడు చూశారు?"

"రాత్రి పదింటికి లేచి లైటు ఆర్పారు."

"అప్పుడు మాట్లాడారా? మాట బాగుందా?"

"మాట్లాడి పదకొండు రోజులైంది."

డాక్టరమ్మ తలెత్తి ఆవిడని చూసింది, తల దించి, ఎనిమిదీ ఇరవై కొట్టేసి రాత్రి పది అని రాసింది. పద్నాలుగు గంటలు. నర్సు ట్రే తీసుకుని పక్క మంచం తెర వెనక్కి వెళ్లింది. అక్కడ ఒక కొడుకు గొంతు గట్టిగా వినపడుతోంది: "తొమ్మిదింటికి సార్! నాతో జోకులేశాడు సార్!"

నాలుగో రోజున ఎన్నింటక్క పెద్ద డాక్టరు గది గుమ్మంలో నిలబడి అడిగింది, ఇచ్చి ఉంటే ఏమయ్యేదని.

"ఇచ్చుంటే లేచి నడిచేవాడని నేను రాసివ్వలేనమ్మా. పోయేవాడనీ రాసివ్వలేను."

"మరేం రాసిస్తారు సార్?"

"ఇవ్వలేదని."

పక్క తెర మనిషి ఐదో రోజున తన కాళ్ల మీద ఇంటికెళ్లాడు. మూడు నెలలకి ఆ ఫైలు సరిచూసే పని ఎన్నింటక్కకే వచ్చింది. వేరేవాళ్లకి ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. వెళ్లేసరికి అతనే కుడి చేత్తో గేటు తీశాడు. ఇంట్లో అమాయకురాలైన మనవరాలు, తాతయ్యని ఆ పొద్దున్న ఆరింటికే కింద పడి ఉండగా చూశామని మొదటి నిమిషంలోనే చెప్పేసింది.

కొడుకు మొహం పాలిపోయింది. "మా స్థానంలో మీరుంటే ఏం చేసేవారండీ?"

"ఆ ప్రశ్న ఫారంలో లేదు" అని, నీలం రంగు తొమ్మిదిని ఎర్ర పెన్నుతో కొట్టేసింది. ఎంత గట్టిగా కొట్టిందంటే కింది కాగితం కూడా చిరిగింది. తర్వాత అతనికి మార్కులు వేసింది. సున్నా.

ఆ మూడు నెలలూ వదినగారు ఎన్నింటక్కతో మాట్లాడింది గానీ, మాట్లాడకపోతేనే నయమనిపించేలా మాట్లాడింది. "ఏమ్మా, ఇవాళ నా తమ్ముడు నొప్పితో మూలుగుతున్నాడా, వెక్కిరిస్తున్నాడా? చూసి చెప్పు, నీకు బాగా తెలుసుగా" అనేది. ఎన్నింటక్క ఆయన్ని పక్కకి తిప్పి, వీపు తుడిచి, మాత్రలు తన చేత్తో నోట్లో వేసి, నాలుక ఎత్తించి చూసేది. ఒక్క మాత్ర తప్పలేదు. ఆయన వద్దని సైగ చేసినా తప్పలేదు. ప్రేమో పగో విడదీసి చెప్పడం కష్టం, ఆ ఇంట్లో ముందునుంచీ అంతే.

తొంభయ్యో రోజున మార్కులు వెయ్యాలి. సొంత మనిషికి తాను వెయ్యకూడదు. అందుకని ఆఫీసులో లెక్కలు కట్టే దశాంశం వచ్చాడు. చుక్క తర్వాత మూడంకెలు లేనిదే ఏదీ నమ్మడు కనక అతనికా పేరు. ఎప్పుడూ రోగులని అంకెలుగా చూసినవాడే గానీ రోగులుగా చూడలేదు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"టీ తానే పెట్టుకోగలరా అక్కా?"

"లేదు."

"జబ్బుకి ముందు పెట్టుకునేవారా?"

"ముప్ఫై ఏళ్లలో స్టవ్ ఎక్కడుందో అడగలేదు తమ్ముడూ."

"అయితే అది జబ్బు ఖాతాలోకి రాదు. బట్టలు తీసుకోవడం?"

"అదీ రాదు."

"బ్యాంకు?"

"రాదు."

దశాంశం అయోమయంగా చూశాడు. "అయితే ఏం పోయినట్టక్కా?"

ఎన్నింటక్క లేచి, బీరువాలోంచి ఆయన సామాను పెట్టె తెచ్చింది. ఒక ఫ్రేము, ఒక అద్దం తీసి ఆయన కుడి చేతిలో పెట్టింది. అద్దం వేళ్ల మధ్య నిలవలేదు. జారి గచ్చు మీద పడి రెండుముక్కలైంది. ముక్కలు ఏరుకుని, "ఇది" అంది.

"రెండు వెయ్యి నాయనా, తక్కువైతేనే మంచిదట కదా" అని వదినగారు బతిమాలింది.

నడవగలడు, గోడ పట్టుకుని. రోజువారీ పనులకి ఇంకొకరి సాయం కావాలి. దశాంశం మూడు వేశాడు. పేపరు కోసం వచ్చిన పక్కింటాయనకి వచ్చిన మూడే. తర్వాత ఖర్చుల పేజీ తిప్పి, సేవ చేసేవారు రోజుకి ఎన్ని గంటలు అని అడిగాడు. ఎన్నింటక్క ఇరవై అంది. గంటకి ఎంత ఖరీదు వెయ్యాలో అతని పట్టికలో లేదు. గీత పెట్టాడు.

"ఆఖరిది, సరిచూడ్డానికి. చివరిసారి బాగున్న సమయం ముందురాత్రి పది గంటలు. అంతేనా అక్కా?"

"అంతే."

కుర్చీలో కదలిక వచ్చింది. మూడు నెలల్లో ఆయన నోట 'నీళ్లు', 'లేదు', ఒక బూతుమాట తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు ఎడమ చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. వదినగారు నిలబడిపోయింది. దశాంశం పెన్ను దించాడు.

"నా... కోసం..." అన్నాడు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఒక్క... అబద్ధం... ఆడ... లేకపోయావా?"

ఎన్నింటక్క కొంగుతో ఆయన నోటి చివర తుడిచి, మధ్యాహ్నం మాత్ర తీసి నీళ్ల గ్లాసు అందుకుంది.

"మనింటి అబద్ధాల కోటా అంతా మీ కళ్లజోడు డబ్బాలోనే అయిపోయిందండీ, నోరు తెరవండి."